ఆంగ్లమున బహువచన ప్రత్యయము: లిపియు ధ్వనియు

భాషాశాస్త్రమును క్రొత్తగా చదువ మొదలిడిన విద్యార్థి తొలుత వదలుకొనవలసిన భ్రమ, అక్షరమే ధ్వని యనునది. తెలుగువారికి ఈ భ్రమ సహజము. మన లిపి చాలవరకు ఉచ్చారణమును అనుసరించును గావున వ్రాసినదే పలుకుదుమని నమ్ముదుము. ఆ నమ్మకముతోనే ఆంగ్లమును సమీపించి, అది పొసగనపుడు ఆ భాషకు నియమమే లేదని తీర్పు చెప్పుదుము. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో ఒక్క ప్రత్యయమును పట్టుకొని పరిశీలింతము.

ఆంగ్లమున బహువచనమునకు 'ఎస్' అను అక్షరము చేర్చవలెనని పాఠశాలలో నేర్చితిమి. క్యాట్స్, డాగ్స్, బస్సెస్ అని పలుకుదుము. మూడింటను మన నోట వెలువడునది సకారమే. ఆంగ్లము మాతృభాషగా గలవారి నోట మొదటి పదమున మాత్రమే సకారము వినబడును. రెండవదానియందున్నది నాదముతో గూడిన సకారము. మూడవదానియందు ఆ నాదధ్వనికి ముందు ఒక హ్రస్వాచ్చు కూడ నుండును. ఈ నాదసకారమునకు మన లిపిలో అక్షరము లేదు. దంత్యజకారము దానికి చేరువదే. కాని దంత్యజకారమును పలుకునపుడు నాలుక పైభాగమును తాకి విడును, నాదసకారమున అట్టి స్పర్శ లేక గాలి ఎడతెగని రాపిడితో వెడలును. వేరు గుర్తు లేనందున ఇక్కడ దానిని ౙకారముతోనే చూపుచున్నాము: క్యాట్స్, డాగ్‌ౙ్, బసిౙ్.

ఈ మూడు రూపములకు నియమము కలదు. పదాంతమున క, ట, ప, ఫ వంటి శ్వాసధ్వని యున్నచో ప్రత్యయము సకారమగును. గ, డ, బ, మ, న, ల వంటి నాదధ్వని గాని అచ్చు గాని యున్నచో ౙకారమగును. స, ౙ, ష, చ, జ అను జాతి ధ్వనులకు పిమ్మట 'ఇౙ్' వచ్చును. షష్ఠ్యర్థమున వచ్చు 'ఎస్', క్రియకు ప్రథమపురుషైకవచనమున చేరు 'ఎస్' కూడ ఈ నియమమునకే లోబడును. భూతకాల ప్రత్యయమును ఇట్టిదే: వాక్ట్, బెగ్‌డ్, వాంటిడ్.

ఈ నియమము పుస్తకములలోనిది మాత్రమే కాదు. 1958లో జీన్ బెర్కో అను పండితురాలు 4 మొదలు 7 ఏండ్ల పిల్లలకు వింతజంతువు బొమ్మ చూపి, దాని పేరు 'వగ్' అని చెప్పి, అట్టివి రెండున్నచో ఏమందురని అడిగినది. ఆ పదము కల్పితము. పిల్లలు విని యుండుటకు వీలు లేదు. అయినను నూటికి 91 మంది 'వగ్‌ౙ్' అనిరి. 'టాస్' అను మరొక కల్పితపదమునకు 'ఇౙ్' చేర్చినవారు నూటికి 36 మందియే. ఆ పిల్లలలోనే నూటికి 91 మంది 'గ్లాసిౙ్' అని సరిగా పలికిరి. తెలిసిన పదమును పలుకుట వేరు, నియమమును వశము చేసికొనుట వేరు అని ఇందువలన తేలుచున్నది. మా అభిప్రాయమున ఈ ప్రయోగమంత తేలికగా విద్యార్థికి బోధపడు ఉదాహరణము భాషాశాస్త్రమున అరుదు.

తెలుగు వ్యాకరణము చదివినవారికి ఈ మార్పు క్రొత్తది కాదు. మన పరుషములు శ్వాసధ్వనులు, సరళములు నాదధ్వనులు. 'వచ్చెను' అను దానిపై 'తమ్ముఁడు' చేరగా 'వచ్చెఁ దమ్ముఁడు' అగుచున్నది. ద్రుతమందలి నాదము తరువాతి పరుషమును సరళముగా మార్చినది. సంస్కృతమున 'వాగీశ' యనుచోట పరధ్వని పూర్వధ్వనిని మార్చును. ఆంగ్లప్రత్యయమున పూర్వధ్వనియే పరధ్వనిని శాసించును గావున అది మన సరళాదేశమునకే దగ్గర. భేదమంతయు వ్రాతలో నున్నది. మనము మార్పును వ్రాయుదుము. కాలు, కాళ్లు, బండి, బండ్లు. ఆంగ్లేయులు ఇక్కడ వ్రాయరు. వారి పద్ధతిలో ప్రత్యయము ఒక్కటే యని కంటికి తెలియును. మన పద్ధతిలో ఉచ్చారణము తెలియును. ఒకటి మేలు, ఒకటి కీడు అనుటకు వీలు లేదు.

వారి లిపి అన్నిచోట్ల ఒకే తీరున నడచుట లేదని మాత్రము ఒప్పుకొనవలెను. 'నైఫ్' బహువచనమున 'నైవ్‌ౙ్' అగునపుడు వకారమును వ్రాయుదురు. 'హౌస్' బహువచనమున 'హౌౙిౙ్' అగును. అక్కడి మార్పును వ్రాయరు. దీనికి కారణము చరిత్రలో నున్నది. ప్రాచీనాంగ్లమున ఈ ప్రత్యయము 'అస్', పిమ్మట 'ఎస్' అని అచ్చుతో కూడినదే. రెండచ్చుల నడుమ చిక్కిన ఫకారము వకారముగ పలుకబడెను. తరువాత ప్రత్యయమందలి అచ్చు లోపించినను వకారము నిలిచినది. ఫ్రెంచినుండి వచ్చిన 'చీఫ్' పదమునకు ఈ మార్పు తగులలేదు. ప్రత్యయమందలి అచ్చు సకారజాతి ధ్వనుల పిమ్మట మాత్రము మిగిలినది. అక్కడ లోపించినచో ప్రత్యయమే వినబడదు. కావున 'బసిౙ్' లోని ఇకారము చరిత్రదృష్టిలో శేషము, నేటి భాషను మాత్రము వర్ణించువానికి ఆగమము. ఈ రెండు దృష్టులను కలుపరాదని 1916లో వెలువడిన సొస్యూర్ గ్రంథము బోధించినది. పరిశోధకవిద్యార్థులు తరచు తడబడు తావు ఇదియే.

బోధనలో ఈ భేదమును ఉపేక్షించుటకు వీలు లేదు. 'ఐస్' అనగా మంచుగడ్డ, 'ఐౙ్' అనగా కన్నులు. 'ప్రైస్' వెల, 'ప్రైౙ్' బహుమానము. రెంటిని సకారముతోనే పలుకు విద్యార్థికి వ్రాతలో నున్న భేదము చెవికి అందదు. దీనికి యంత్రములు అక్కరలేదు. కంఠముపై వ్రేళ్లుంచి సకారమును దీర్ఘముగా పలికించి, గాలి ఆపక దానికే నాదము చేర్పింపవలెను. వ్రేళ్లకు అదురు తగిలినంతనే విద్యార్థి రెండు ధ్వనులను వేరుపరుపగలడు. ఆ పిమ్మటనే నల్లబల్లపై 'ఎస్' వ్రాయవచ్చును.