పట్టికకెక్కని వారసులు

ఫ్రీమాంట్‌లో మిషన్ శాన్‌హోసే హైస్కూలు పరిధిలో ఇల్లు దొరికితే చాలనుకునే తెలుగు కుటుంబాలు బోలెడు. ఆ ఊళ్లోనే ఓలోనీ కాలేజీ ఉంది. ఓలోనీలంటే ఎవరు, ఇంకా ఉన్నారా అని అడిగి చూడండి, చాలామంది తెల్లమొహం వేస్తారు.

ఉన్నారు. అమెరికా సర్కారు గుర్తించిన తెగల పట్టికలోనే లేరు.

స్పెయిన్ మతగురువులు 1797లో మిషన్ శాన్‌హోసే నెలకొల్పి, చుట్టుపక్కల పల్లెల ఓలోనీ ఆదివాసులకు బాప్టిజం ఇచ్చి చాకిరీలో పెట్టారు. రోగాలు వేలమందిని మింగేశాయి. అక్కడికి దగ్గర్లో, వాషింగ్టన్ బులవార్డ్ పక్కనున్న శ్మశానంలో దాదాపు 4,000 మంది ఓలోనీల సమాధులున్నాయి. 1971లో ఆ స్థలం వాళ్ల వారసుల చేతికొచ్చింది. పత్రాల్లో సొంతదారు పేరు మాత్రం ‘ఓలోనీ ఇండియన్ ట్రైబ్ ఇన్‌కార్పొరేటెడ్’. తాతముత్తాతల సమాధులు దక్కించుకోవడానికి సంస్థ రిజిస్ట్రేషన్ కావలసివచ్చిందన్నమాట!

ఈ తిరకాసు వెనక రెండు రాతలున్నాయి. 1925లో బర్క్‌లీ ప్రొఫెసర్ ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ వీళ్లు దాదాపు అంతరించినట్టేనని తన పుస్తకంలో తేల్చేశారు. 1927లో శాక్రమెంటో అధికారి లఫాయెట్ డోరింగ్టన్‌ని, ఏ ఆదివాసీ బృందాలకు ఇళ్లస్థలాలు కొనాలో చెప్పమని పైవాళ్లు అడిగారు. అలమేడా కౌంటీలోని ఓలోనీల వెరోనా బృందానికి అవసరం కనబడటం లేదని ఆయన రాసి పంపారు. అంతే, వాళ్ల సంగతి పట్టించుకునే నాథుడు లేకుండా పోయాడు. తమాషా ఏమిటంటే, అదే దశకంలో భాషావేత్త జాన్ హారింగ్టన్ ఆ ‘అంతరించిన’ ముసలివాళ్ల ఎదుట కూర్చుని వాళ్ల చోచెన్యో భాష మాటలు రాసుకుంటున్నాడు. ఇవాళ మనవలు భాష నేర్చుకునేది ఆ నోటు పుస్తకాల నుంచే. వాళ్లలో ఒకరైన విన్సెంట్ మెదీనా, లూయిస్ ట్రెవీనోతో కలిసి 2018లో బర్క్‌లీలో కెఫే ఓలోనీ తెరిచి, ఓక్ గింజల జావ వడ్డించారు.

వెరోనా బృందం వారసులైన మువెక్మా ఓలోనీలు 1989లో గుర్తింపు కోసం అర్జీ పెట్టారు. ఒకప్పుడు గుర్తింపు ఉన్నమాట నిజమేనని 1996లో ఒప్పుకున్న ఇండియన్ వ్యవహారాల శాఖ, 2002లో కుదరదంది. 1927 తరవాత బయటివాళ్లు మిమ్మల్ని తెగగా ఎడతెగకుండా గుర్తించిన ఆధారాల్లేవన్నది ఒక సాకు. తాను వదిలేసిన మనుషుల్నే మధ్యలో ఎక్కడికి పోయారని నిలదీయడం విడ్డూరం కాక మరేమిటి?

గుర్తింపు ఉత్త గౌరవం కాదు. మ్యూజియాల్లోని పూర్వీకుల ఎముకలు తిరిగివ్వమని అడిగే హక్కును 1990 నాటి చట్టం తెగల్లో గుర్తింపున్న వాటికే ఇచ్చింది.

అందుకే కొందరు ట్రస్టుల దారి పట్టారు. కొరీనా గౌల్డ్ తదితర మహిళలు 2012లో పెట్టిన సొగొరియా తే ల్యాండ్ ట్రస్ట్‌కు 2024లో బర్క్‌లీలో 2.2 ఎకరాలు దక్కాయి. వేల ఏళ్ల నాటి గవ్వల దిబ్బ, సమాధులు ఉన్న చోటది; పైన కార్లు నిలిపే తారు నేల. ఖరీదు 2.7 కోట్ల డాలర్లు. అందులో ఎక్కువ భాగం ట్రస్టుకొచ్చిన విరాళమే. తమ నేలను తామే డబ్బు పోసి కొనుక్కున్నారు! ఓలోనీ బృందాల మధ్య ఎవరు అసలు వారసులన్న తగాదా కూడా బహిరంగంగానే నడుస్తోంది. పట్టికలో లేనివాళ్లకు ఆ గొడవ తీర్చే పెద్దమనిషీ లేడు.

ఈస్ట్ బేలో ఉండేవాళ్ల కోసం ఆ ట్రస్టు ‘షూమీ’ అనే స్వచ్ఛంద భూమి పన్ను పెట్టింది. అద్దె ఇల్లా సొంతిల్లా, ఎన్ని పడకగదులన్నదాన్ని బట్టి ఎంతివ్వాలో లెక్క చెబుతుంది. అక్కడి మన తెలుగువాళ్లు ఈసారి ఆస్తి పన్ను కట్టేటప్పుడు ఈ లెక్క కూడా ఒకసారి చూడండి.