కొండదారిలో తేలే నిజం: స్పోర్ట్స్ కారు కొనేముందు టెస్ట్ డ్రైవ్

సెమిలిగుడకు కూతవేటు దూరంలోని సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ కర్మాగారం ఉన్న సంగతి పాఠకులకు తెలియనిది కాదు. మిగ్ యుద్ధ విమానాల ఇంజన్ల తయారీ కోసం 1964లో దానిని నెలకొల్పారు. ఇటువంటి కర్మాగారంలో తయారైన ఏ ఇంజనూ నేరుగా విమానంలోకి ఎక్కదు. ముందుగా దానిని పరీక్షా వేదికపై బిగించి, పూర్తి శక్తితో నడిపి, ఏ లోపమూ లేదని తేలిన తరువాతనే బయటకు పంపుతారు. నిపుణుల చేతిలో రూపొందిన ఇంజనుకే ఆ పరీక్ష తప్పనప్పుడు, ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో, ఆపై బ్యాంకు అప్పుతో కొనే కారును పది నిమిషాలు చదును రోడ్డుపై నడిపి, బాగుందని సంతకం చేసి రావడం ఎంతవరకు సమంజసం?

ఈ ప్రశ్నకు కారణం ఉన్నది. మన సరిహద్దు గ్రామాల యువకులలో స్పోర్ట్స్ కార్లపై మక్కువ నానాటికీ పెరుగుతున్నది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందాన్ని టీవీలో చూసినవారికి ఆ మోజు ఎలా పుడుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. ముచ్చట పడటంలో తప్పు లేదు. ముచ్చటకు తగిన పరీక్ష చేయకపోవడమే తప్పు.

స్పోర్ట్స్ కారు అంటే ఏమిటి?

తక్కువ ఎత్తు, తక్కువ బరువు, చురుకైన ఇంజను, చెప్పినట్టు వినే స్టీరింగు, చాలావరకు రెండే సీట్లు. అసలైన స్పోర్ట్స్ కారు లక్షణాలు ఇవి. జపాను సంస్థ మాజ్దా 1989లో విడుదల చేసిన ఎమ్‌ఎక్స్-5 ఇందుకు ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ. మన దేశంలో 2012 ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో ప్రదర్శించిన డీసీ అవంతి కూడా ఈ కోవకు చెందినదే. అయితే మధ్యతరగతి కుటుంబాలు కొనగలిగినవి ఇవి కావు. మామూలు అయిదు సీట్ల చిన్నకారులోనే టర్బో ఇంజను అమర్చి, సస్పెన్షన్ కాస్త బిగించి, రూపురేఖలు మార్చి అమ్మే రకాలు మనకు అందుబాటులో ఉంటాయి. 2013లో వచ్చి, 2022లో ఉత్పత్తి నిలిచిపోయిన ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ అటువంటివి. రకం ఏదైనా, పరీక్షించే పద్ధతి ఒక్కటే.

మాకు ఎదురైన అనుభవం

ఈ వ్యాసకర్త కుటుంబంలో కొన్నేళ్ల క్రితం జరిగినది చెబితే విషయం తేటతెల్లమవుతుంది. మా తమ్ముడు సముద్రతీర నగరంలోని ఒక షోరూమ్‌లో ఎర్రని కారు ఒకటి చూసి మనసు పారేసుకున్నాడు. టెస్ట్ డ్రైవ్ అన్నారు. పక్క సీటులో అమ్మకపు ఉద్యోగి కూర్చున్నాడు, ఏసీ చల్లగా వీస్తున్నది, పాట గట్టిగా మోగుతున్నది. నున్నని నాలుగు వరుసల రోడ్డుపై రెండు కిలోమీటర్లు వెళ్లి వచ్చాము. కారు బాణంలా దూసుకుపోయింది. ఆ పూటే బుకింగ్ సొమ్ము కట్టేశాము.

కారు ఇంటికి తెచ్చిన రోజున అసలు పరీక్ష మొదలైంది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుండగా ముందు బరువు లారీ, లోపల అయిదుగురం, వెనుక సామాను. మలుపులో లారీ వేగం తగ్గించగానే మా కారు రెండో గేరులో రొప్పి ఆగిపోయింది. తిరిగి కదిలించబోతే వెనక్కు జారింది. ఊరి మొదట్లోని స్పీడు బ్రేకరు వద్ద అడుగుభాగం గీసుకున్న చప్పుడు అందరమూ విన్నాము. ఇల్లు చేరాక మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఆ లోతైన సీటులోంచి లేవలేక, “ఒరే, ఈ బండిలోంచి నన్ను దింపడానికి ఇద్దరు మనుషులు కావాలిరా” అన్నది. కారులో ఏ లోపమూ లేదు. లోపమంతా మేము చేసిన పరీక్షలోనే ఉన్నది. ఆ కారు వాయిదాలు మాత్రం అయిదేళ్లు కట్టాము.

గాలి, వాలు, బరువు

విశాఖపట్నం సముద్ర మట్టంలో ఉన్నది. సెమిలిగుడ దానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఎత్తు పెరిగిన కొద్దీ గాలి పలచబడుతుంది. ఇంజను ఇంధనాన్ని మండించడానికి గాలి కావాలి గనుక, టర్బో లేని పెట్రోలు ఇంజను మన ఎత్తులో సుమారు 8 నుంచి 10 శాతం శక్తిని కోల్పోతుంది. టర్బో ఇంజను గాలిని బలవంతంగా లోపలికి నెడుతుంది కనుక ఈ నష్టం దానికి చాలా తక్కువ. అయితే చిన్న టర్బో ఇంజన్లలో మరొక గుణం ఉన్నది. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు టర్బో పూర్తిగా అందుకోదు. చదును రోడ్డుపై ఈ ఆలస్యం తెలియదు; హెయిర్‌పిన్ మలుపులో లారీ వెనుక నుంచి తిరిగి కదిలేటప్పుడు తెలుస్తుంది.

రెండవది బరువు. చిన్నకారు బరువు సుమారు 1,000 కిలోలు. అయిదుగురు పెద్దలు ఎక్కితే మరో 300 కిలోలు చేరతాయి. ఒక్కరే నడిపి చూసిన కారు, కుటుంబంతో నడిచే కారు ఒకటి కావు.

మూడవది ఆగడం. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక కారు ఆగే దూరం నాలుగు రెట్లవుతుంది. పొడిగా ఉన్న చదును రోడ్డుపై గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సుమారు 9 మీటర్లలో ఆగే కారు, 80 కిలోమీటర్ల వేగంలో సుమారు 36 మీటర్లు తీసుకుంటుంది. కాలు బ్రేకుపైకి వెళ్లేలోగా సాగిపోయే దూరం దీనికి అదనం. తడి రోడ్డుపై, దిగుడులో, శీతకాలపు మంచులో ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. కావున మన ప్రాంతంలో కారును ఎంత వేగంగా పోతుందని కాక, ఎంత నిబ్బరంగా ఆగుతుందని పరీక్షించాలి.

తయారీదారులు సైతం ఈ సత్యాన్ని గ్రహించినవారే. జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్‌లో 1927లో ప్రారంభమైన, 20 కిలోమీటర్లకు పైగా పొడవున్న కొండదారి ట్రాక్‌పై పెద్ద సంస్థలు తమ స్పోర్ట్స్ కార్లను పరీక్షిస్తాయి. ఆ దారిలో ఎత్తుపల్లాల తేడా సుమారు 300 మీటర్లు. కారు చేసేవారే కొండను వెతుక్కుంటూ వెళుతున్నప్పుడు, కొండపైన కాపురముండే మనం చదునులో పరీక్షించి ఊరుకోవడం వింత గాదా?

షోరూమ్‌కు వెళ్లే ముందు

డ్రైవింగ్ లైసెన్సు వెంట ఉండాలి. లైసెన్సు లేనివారు బహిరంగ రహదారిపై వాహనం నడపరాదని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతున్నది; టెస్ట్ డ్రైవ్‌కు మినహాయింపు లేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడు ఎంత ముచ్చటపడినా స్టీరింగు ఇవ్వరాదు. 2019 సవరణ ప్రకారం మైనరు చేసిన నేరానికి సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. పరీక్షకు ఇచ్చే కారుకు బీమా ఉన్నదా, ప్రమాదం జరిగితే నష్టం ఎవరు భరించాలి అన్నవి ముందే అడగండి. ఏదైనా కాగితంపై సంతకం పెట్టమంటే చదివిన తరువాతనే పెట్టండి.

మీరు కొనదలచిన రకమే నడపడానికి ఇవ్వాలని కోరండి. ఒకే పేరున్న కారులో టర్బో ఉన్నది, లేనిది, గేర్లు మనమే మార్చేది, ఆటోమేటిక్ అని పలు రకాలుంటాయి. ఒకటి నడిపి మరొకటి కొనడం చూడని పెళ్లికూతురికి తాళి కట్టడం వంటిది. వీలైతే పోటీ కారును కూడా అదే రోజున నడపండి. పోలిక స్పష్టంగా తెలుస్తుంది. నడిపి చూడకముందు బుకింగ్ సొమ్ము కట్టవద్దు.

ఏ దారిలో నడపాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. జయపురంలో చూస్తున్నవారు కొరాపుట్ వైపు ఎక్కే ఘాట్‌లో కొంత దూరమైనా నడపనివ్వమని అడగాలి. విశాఖలో చూస్తున్నవారు బీచి రోడ్డుతో తృప్తి పడక సింహాచలం కొండ రోడ్డు వంటి ఎక్కుడు దారిని కోరాలి. కొందరు అమ్మకందారులు కారును ఇంటికే తెచ్చి చూపుతారు. అలా వస్తామంటే మన దారిలో మన కుటుంబంతో నడిపి చూడటాన్ని మించినది లేదు. ఒప్పుకోనివారి వద్ద కొనడానికి తొందరపడనక్కరలేదు.

నడుపుతూ చూడవలసినవి

ముందుగా ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయమనండి. పాట ఆపించండి. కారు చేసే చప్పుళ్లు వినవలసినది మనమే. సీటు, అద్దాలు మీకు తగినట్లు సరిచేసుకుని, ముందరి స్తంభాలు మలుపును ఎంతవరకు కప్పుతున్నాయో గమనించండి. ఘాట్ మలుపులో ఎదురుగా వచ్చే లారీ ఆ స్తంభం చాటునే ఉండవచ్చు.

ఎక్కుడులో కారును పూర్తిగా ఆపి, తిరిగి కదిలించండి. వెనక్కు జారుతున్నదా? హిల్ హోల్డ్ సౌకర్యం ఉంటే బ్రేకు వదిలిన తరువాత ఒకటి రెండు క్షణాలు కారు నిలిచి ఉండాలి. కొన్ని ఆటోమేటిక్ రకాలు నిదానంగా సాగే ఎక్కుడులో క్లచ్‌ను వేడెక్కిస్తాయి. కాలిన వాసన వస్తే ఉపేక్షించరాదు. ఏసీ వేసి, అందరినీ ఎక్కించి అదే ఎక్కుడు మళ్లీ ఎక్కండి.

దిగుడులో రెండో గేరులో ఉంచి, ఇంజనే కారును పట్టి ఉంచుతున్నదా అని చూడండి. దిగినంతసేపూ బ్రేకు తొక్కుతూ వస్తే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఆటోమేటిక్ కారయితే గేరును మన చేతితో తగ్గించే వీలు తప్పక ఉండాలి. కొత్త కార్లన్నిటిలో ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయినది. వెనుక వాహనాలు లేని ఖాళీ చోట, పక్కనున్న ఉద్యోగికి చెప్పి, ఒకసారి గట్టిగా బ్రేకు వేసి చూడండి. పాదం కింద అదురు తెలియడం సహజమే; కారు పక్కకు లాగితే సహజం కాదు.

తరువాత గతుకులు. నేలకూ కారు అడుగుభాగానికీ మధ్య ఎత్తునే గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. అసలైన స్పోర్ట్స్ కార్లలో ఇది 120 నుంచి 140 మిల్లీమీటర్లు ఉంటే, మన దేశపు చిన్నకార్లలో 160 నుంచి 170 వరకు ఉంటుంది. ఖాళీ కారు దాటిన స్పీడు బ్రేకరును నిండు కారు తాకవచ్చు. పక్క గోడ సన్నగా ఉండే వెడల్పాటి టైర్లు చూపుకు అందంగా ఉంటాయి గాని, గోతిలో పడితే రిమ్ముకు దెబ్బ తగులుతుంది. స్టెప్నీ ఉన్నదా, ఏ కొలతది అని డిక్కీ తెరిచి చూడండి. రాత్రివేళ పొట్టంగి దారిలో టైరు పగిలితే ఆదుకునేది అదే.

వెనుక సీటు తీర్పు

నడిపేవాడు ఒక్కడే, కూర్చునేవారు నలుగురు. పెద్దవారిని వెంట తీసుకువెళ్లి, వెనుక సీటులో ఎక్కించి, దింపి చూడండి. అమ్మ చీరతో సులువుగా ఎక్కగలుగుతున్నదా, నాన్నగారి మోకాళ్లు ముందు సీటుకు తగులుతున్నాయా, మలుపుల్లో పిల్లలకు వికారం పుడుతున్నదా అన్నవి ఏ ప్రకటనలోనూ దొరకని సమాచారం. షోరూమ్‌లో అయిదు నిమిషాలు మాట్లాడేది మనం. ఏళ్ల తరబడి మాట్లాడేది వెనుక సీటు.

నడిపి చూసిన తరువాత

ఆ రోజే సంతకం చేయవద్దు. ఇంటికి వచ్చి, ఒక రాత్రి ఆలోచించండి. ఆంధ్రలో కొని ఒడిశాలో ఉంచుకునే కారుకు రిజిస్ట్రేషన్ ఒడిశాలో చేయించాలి. చట్టం ప్రకారం కారు సాధారణంగా ఉండే చోటే అది జరగాలి. కొరాపుట్ జిల్లాకు ఓడీ 10, రాయగడ జిల్లాకు ఓడీ 18 సంఖ్యలు. కావున విశాఖ షోరూమ్ చెప్పే మొత్తం ధరలో ఏ రాష్ట్రపు పన్ను కలిపారో విడిగా రాయించుకోండి. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం సంఖ్య 1915.

కారు చేతికి వచ్చే రోజున మరొకసారి నడిపి చూడండి. టైరు పక్క గోడపై ఉండే చివరి నాలుగు అంకెలలో మొదటి రెండు తయారైన వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. కొత్త కారుకు పాత టైర్లు ఉంటే అక్కడే ప్రశ్నించండి.

మా ఎర్ర కారు ఇప్పుడు మా ఇంట లేదు. తరువాత కారు కొనేటప్పుడు మొదట వెనుక సీటులో కూర్చున్నది మా అమ్మ. మొదట నడిపినది ఎక్కుడు దారిలో. ఆ రోజు షోరూమ్ ఉద్యోగి విసుగు పడిన మాట నిజమే. అయితే ఆ అరగంట విసుగు ఆయనది. అది భరించకపోతే అయిదేళ్ల విసుగు మనదవుతుంది.