గోల్ఫ్ క్రీడ – దేహశిక్షణ

పచ్చిక మైదానంలో తీరికగా నడుస్తూ, మధ్యమధ్య ఆగి బంతిని కొట్టే ఆట గోల్ఫ్. చూసేవారికి ఇందులో శ్రమ ఏమున్నదనిపిస్తుంది. కాని 18 గుంతల ఆట ముగిసేసరికి క్రీడాకారుడు సుమారు ఎనిమిది కిలోమీటర్లు నడుస్తాడు. 46 గ్రాములకు మించని బంతిని రెండువందల మీటర్ల దూరం పంపడానికి తన దేహాన్ని మెలితిప్పి, మరుక్షణమే విప్పుతాడు. ఈ క్రియనే స్వింగ్ అంటారు.

స్వింగ్‌కు కావలసిన బలం చేతులలో మాత్రమే పుట్టదు. పాదాలు నేలను అదిమినప్పుడు మొదలైన శక్తి కాళ్లు, తుంటి, మొండెం, భుజాల మీదుగా చేతులకు చేరుతుంది. ఈ గొలుసులో ఒక లంకె బిగుసుకుపోతే దాని భారం పక్క లంకె మీద పడుతుంది. నడుములోని ఐదు వెన్నుపూసలు ముందుకూ వెనుకకూ వంగడానికి అనువైనవే కాని, పక్కకు తిరగడానికి అంతగా అనువైనవి కావు. తిరగవలసినవి తుంటికీళ్లు, వీపు పైభాగం. అవి తిరగలేనప్పుడు ఆ పనిని నడుము చేయవలసి వస్తుంది. గోల్ఫ్ క్రీడాకారులను నడుమునొప్పి తరచుగా బాధించడానికి ఇదొక ముఖ్యకారణం.

కండలు పెరిగితే దేహం బిగుసుకుపోయి స్వింగ్ చెడుతుందని ఒకప్పుడు పలువురు నమ్మేవారు. దక్షిణాఫ్రికాకు చెందిన గ్యారీ ప్లేయర్ ఆ నమ్మకాన్ని లెక్కచేయలేదు. ఆయన అంత పొడగరి కాదు. ఆ లోటును బరువులెత్తే వ్యాయామంతోను, మితాహారంతోను పూరించుకున్నాడు. 1965 నాటికి నాలుగు ప్రధాన పోటీలనూ గెలిచాడు. 1978లో 42 ఏళ్ల వయస్సులో మాస్టర్స్ పోటీని మూడవసారి గెలుచుకున్నాడు.

అయితే బలానికీ హద్దు ఉన్నది. 1997లో 12 స్ట్రోకుల ఆధిక్యంతో మాస్టర్స్ గెలిచిన టైగర్ వుడ్స్ వ్యాయామంలో ఎవరికీ తీసిపోనివాడు. అయినా అతని మోకాలికి, వెన్నుకు పలుమార్లు శస్త్రచికిత్సలు జరిగాయి. 2017లో వెన్నుపూసలను కలిపే చికిత్స పొందిన తరువాత, ఓపికతో కోలుకొని, 2019లో అతడు మళ్లీ మాస్టర్స్ విజేత అయ్యాడు.

కాబట్టి బలము, సాగే గుణము రెండూ కలిసి పెరగాలి. ఆటకు ముందు పది నిమిషాలు వేగంగా నడవడం, చేతులు గుండ్రంగా తిప్పడం, కాళ్లు ఊపడం, మొండెమును మెల్లగా ఇరువైపులా తిప్పడం మంచిది. ఒంట్లో వేడి పుట్టిన తరువాతనే బంతిని బలంగా కొట్టాలి. కదలకుండా సాగదీసే వ్యాయామాలు ఆట ముగిసిన తరువాత చేయాలి. ఒక్కొక్క భంగిమలో 15 నుండి 30 సెకన్లు నిలిచి, ఊపిరి బిగబట్టకుండా, కుదుపులు లేకుండా సాగదీయాలి. గుంజిళ్ల వంటివి కాళ్లకు బలాన్నిస్తాయి. ఒంటికాలిపై నిలబడటం నిలకడను పెంచుతుంది. ఆటలో దేహం బలంగా తిరిగేది ఎప్పుడూ ఒకవైపుకే కనుక, సాధనలో రెండవవైపుకు కూడా తిప్పడం అవసరం. నొప్పి కలిగితే ఆపి, వైద్యుని సంప్రదించాలి.

ఈ నియమం గోల్ఫ్ మైదానానికే పరిమితం కాదు. గంటల తరబడి కూర్చుని చదివే విద్యార్థికి సైతం తుంటి బిగుసుకుపోతుంది, నడుము అలసిపోతుంది. మధ్యమధ్య లేచి నాలుగడుగులు నడిచి ఒళ్లు సాగదీయడం అతనికీ అవసరమే. దేహంలో ఒక భాగం చేయవలసిన పనిని మరొక భాగంపై మోపకుండా చూసుకోవడమే దేహశిక్షణలోని అసలు రహస్యం.