ఎలుకకు బొమ్మలిస్తే మెదడు మారుతుందా?

పెద్దయ్యాక మెదడు మారదని ఒకప్పుడు చాలామంది శాస్త్రవేత్తల నమ్మకం. కెనడాలో డొనాల్డ్ హెబ్ అనే శాస్త్రవేత్త కొన్ని ఎలుకల్ని ఇంట్లోనే పెంచాడు (ఇంట్లోవాళ్లు ఏమన్నారో మరి!). బోనులో పెరిగిన వాటికన్నా ఇవి చిక్కుదారుల పరీక్షల్లో చురుగ్గా ఉన్నాయని 1947లో చెప్పాడు. మరి మెదడు లోపల ఏం మారింది?

అది కొలిచి చూసింది అమెరికాలోని బర్‌క్లీలో శాస్త్రవేత్త మేరియన్ డైమండ్, ఆమె సహచరులు. కొన్ని ఎలుకల్ని తోటివాటితో పెద్ద బోనులో ఉంచి, బొమ్మలిచ్చి, వాటిని తరచూ మార్చేవారు. మరికొన్నింటిని బొమ్మల్లేకుండా ఒంటరిగా ఉంచారు. తిండీ నీళ్లూ అన్నిటికీ ఒకటే. తర్వాత మెదడును పలుచని ముక్కలుగా కోసి కొలిస్తే, ఆడుకున్న ఎలుకల్లో పైపొర, అంటే కార్టెక్స్, మందంగా ఉంది! తేడా చాలా కొద్దిపాటిదే. 1964లో ఫలితాలు అచ్చయ్యాయి. మొదట్లో కొందరు నమ్మనేలేదు.

పొర ఎందుకు మందమైంది? నాడీకణాల కొమ్మలు మరింతగా విస్తరించాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది.