మద్‌యన్ బాటలో మూసా (అ): తప్పు తరువాతి ప్రయాణం

 

జుమా నమాజు ముగిసి జనమంతా వెళ్ళిపోయిన తరువాత కొందరు యువకులు మస్జిద్‌లో ఒక మూల ఆగి ఉంటారు. ఒకరు చదువు మధ్యలో మానేసినవారు. ఒకరు అప్పు చేసి గల్ఫ్‌కు వెళ్ళి, అక్కడ నిలదొక్కుకోలేక తిరిగి వచ్చినవారు. మరొకరు తండ్రి మాట కాదని వ్యాపారం పెట్టి ఇల్లు తాకట్టు దాకా తెచ్చినవారు. వారు అడగదలచినది ధార్మిక మసలా కాదు. అల్లాహ్ క్షమిస్తాడని నమ్ముతున్నాము గాని, మమ్మల్ని మేము క్షమించుకోలేకపోతున్నాము, ఇకపై ఏ దారి ఎంచుకోవాలన్నా మా మీద మాకే నమ్మకం కుదరడం లేదని అంటారు.

ఇలాంటి వారు దివ్య ఖుర్ఆన్‌లోని 28వ సూరా అల్ ఖసస్‌ను తీరికగా చదవాలని నా మనవి. అందులో నిండు బలంతో ఉన్న ఒక మనిషి చేతిలో మరొకరి ప్రాణం పోయింది. ఆయనే తదనంతరం అల్లాహ్‌తో సంభాషించే భాగ్యం పొందిన హజ్రత్ మూసా (అలైహిస్సలామ్).

నగరవాసులు ఏమరుపాటుగా ఉన్న వేళ ఆయన నగరంలో ప్రవేశించారు. ఇద్దరు కొట్లాడుకుంటున్నారు. ఒకడు తన జాతివాడు, మరొకడు శత్రువర్గంవాడు. తనవాడు సాయం కోరగానే మూసా (అ) ఆ రెండవవాణ్ణి ఒక్క గుద్దు గుద్దారు. అంతటితో అతని ప్రాణం పోయింది. చంపాలన్నది ఆయన ఉద్దేశం కాదు. ప్రవక్త పదవి కూడా ఆయనకు అప్పటికింకా లభించలేదు. పైగా ఇస్రాయీల్ సంతతిపై ఫిరౌన్ సాగించిన దారుణాలు అందరికీ తెలిసినవే. సాకు చెప్పదలచుకుంటే ఆయనకు కావలసినన్ని సాకులున్నాయి. ఆయన ఒక్కటీ చెప్పలేదు. ఇది షైతాన్ పని అని గుర్తించారు. నా ఆత్మకు నేనే అన్యాయం చేసుకున్నానని ప్రభువు ముందు ఒప్పుకొని మన్నింపు వేడుకున్నారు. వేడుకోలు, దానికి లభించిన మన్నింపు రెండూ ఒకే ఆయత్‌లో, 16వ ఆయత్‌లో ఉన్నాయి. ఆ రెంటి మధ్య ఎడం ఎంత తక్కువో చూడండి! ఆ వెంటనే 17వ ఆయత్‌లో, ఇక ఎన్నడూ అపరాధులకు అండగా నిలవనని ఆయన మాట ఇచ్చారు.

తౌబాకు ధర్మపండితులు చెప్పిన షరతులు మనకు తెలిసినవే. పాపాన్ని విడిచిపెట్టాలి, మనస్ఫూర్తిగా పశ్చాత్తాపపడాలి, మళ్ళీ చేయనని సంకల్పించుకోవాలి. సాటి మనిషి హక్కు కాజేసి ఉంటే దానిని తిరిగి అప్పగించాలి. ఈ చివరి షరతును కొందరు తేలికగా దాటవేస్తారు. తల్లి నగలు తాకట్టులో మగ్గుతూ ఉండగా, జరిగిందేదో జరిగిందని మనసు తేలిక చేసుకోవడం తౌబా కాదు. ఆ నగలను విడిపించే ప్రయత్నం కూడా తౌబాలో భాగమే. అయితే, బ్రతికినంతకాలం తనను తాను శిక్షించుకుంటూ ఉండాలన్న షరతు మాత్రం ఈ జాబితాలో ఎక్కడా లేదు. దానిని మనమే కల్పించుకున్నాము. అల్లాహ్ మన్నించిన దానిని నేను మన్నించనని భీష్మించుకోవడం పైకి వినయంలా కనిపిస్తుంది. కాని అందులో దాగివున్న అహంకారం కూడా తక్కువేమీ కాదు.

మరునాటి ఉదయం సంగతి కూడా ఖుర్ఆన్ దాచలేదు. మన్నింపు లభించినా మూసా (అ) భయపడుతూ, నలువైపులా చూసుకుంటూ నగరంలో సంచరించారు. నిన్న సాయం అడిగినవాడే నేడు మరో తగాదాలో ఇరుక్కొని మళ్ళీ కేక వేశాడు. కనుక గుండెలో బెదురు మిగిలి ఉన్నంత మాత్రాన తౌబా స్వీకరించబడలేదని అనుకోనక్కరలేదు. నిన్నటి స్నేహాలు నేటి ఉదయమే మళ్ళీ పిలిచినా ఆశ్చర్యపడనక్కరలేదు.

అంతలో నగరపు కొస నుండి ఒక వ్యక్తి పరుగున వచ్చి, మిమ్మల్ని చంపాలని పెద్దలు ఆలోచిస్తున్నారు, వెళ్ళిపొండని హితవు చెప్పాడు. ఆయన బయలుదేరారు. దారిబత్తెం ఉందో లేదో, తోడెవరైనా ఉన్నారో లేదో ఖుర్ఆన్‌లో ప్రస్తావన లేదు. ముఖం మద్‌యన్ వైపు తిప్పి, నా ప్రభువు నాకు సరైన మార్గం చూపుతాడని ఆశిస్తున్నానని ఆయన అన్నట్లు మాత్రం 22వ ఆయత్‌లో ఉంది. మార్గం స్పష్టంగా కనబడే దాకా ఆయన కూర్చోలేదు. ఒక దిక్కు ఎంచుకొని కదిలారు, దారి చూపే బాధ్యతను అల్లాహ్‌కు అప్పగించారు.

ఇస్తిఖారా విషయంలో మనలో పాతుకుపోయిన ఒక అపోహను ఇక్కడ ప్రస్తావించాలి. దైవప్రవక్త (స) తమకు ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా, అన్ని వ్యవహారాలకూ ఇస్తిఖారా నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. ఈ హదీసు బుఖారీలో ఉంది. అందులో రెండు రకాతుల నఫిల్ నమాజు ఉంది, ఒక దుఆ ఉంది. కల ఊసు లేదు. పచ్చరంగు కనిపిస్తే ఒక అర్థం, ఎర్రరంగు కనిపిస్తే మరో అర్థం అన్న మాటా లేదు. ఈ పనిలో నాకు మేలుంటే దానిని సులభం చేయి, కీడుంటే దానిని నా నుండి, నన్ను దాని నుండి మళ్ళించు, మేలు ఎక్కడున్నా నాకు ప్రాప్తింపజేసి దానితో నన్ను తృప్తిపరచు అన్నది ఆ దుఆ సారాంశం. అంటే తెలిసినవారిని సంప్రదించి, బుద్ధికి తోచిన మేలైన పనికి పూనుకోవాలి, ఫలితాన్ని అల్లాహ్‌కు వదలాలి. కల రాలేదని ఏళ్ళ తరబడి ఉద్యోగమో, పెళ్ళో వాయిదా వేసుకునేవారు తమకు అమానత్‌గా లభించిన బుద్ధిని మూట విప్పకుండా పక్కన పెట్టినట్లే.

మూసా (అ) మద్‌యన్ బావి వద్దకు చేరారు. పశువుల కాపరులు గుంపుగా తమ మందలకు నీళ్ళు పెడుతున్నారు. ఇద్దరు స్త్రీలు తమ మందను అదుపు చేసుకుంటూ దూరంగా నిలబడి ఉన్నారు. ఆయన విషయం అడిగి తెలుసుకొని, వారి మందకు నీళ్ళు పెట్టి, నీడకు వెళ్ళి, ప్రభూ, నీవు ఏ మేలు ప్రసాదించినా నేను దాని అవసరంలో ఉన్నానని విన్నవించుకున్నారు. ఒక ప్రాణం పోవడానికి కారకుడనైన నాకు మంచిపని చేసే అర్హత ఉందా అని ఆయన ఆ బావి దగ్గర ఆగిపోలేదు.

ఆ తరువాత ఆ స్త్రీలలో ఒకరు తమ తండ్రితో, ఈయనను పనిలో పెట్టుకోండి, బలవంతుడు, నమ్మదగినవాడు అని సిఫారసు చేశారు. ఇది 26వ ఆయత్‌లోని సంగతి. ఈ చోట నేను ప్రతిసారీ ఆగిపోతాను. అక్కడ ఒక మనిషి ప్రాణం తీసింది ఏ బలమో, ఇక్కడ ఆయనకు ఆశ్రయం, జీవనోపాధి, వివాహం సమకూర్చినదీ ఆ బలమే. అల్లాహ్ ఆ చేతుల్లోని శక్తిని తీసివేయలేదు, దానికి తగిన చోటు చూపించాడు. వ్యాపారంలో దెబ్బతిన్న యువకుని తెగువ కూడా పారవేయదగినది కాదు. తండ్రితో సంప్రదింపు, లెక్కాపత్రం, హలాల్ హరామ్‌ల పట్టింపు, వీటి నడుమ దానికి మళ్ళీ ఒక చోటు దొరుకుతుంది.

ఎనిమిదేళ్ళు, ఇష్టమైతే పదేళ్ళు పనిచేసే ఒప్పందంపై ఆయన అక్కడ ఉండిపోయారు. రాజభవనంలో పెరిగినవాడు కూలికి కుదిరాడు. చూసేవారికి ఇది పతనంలా కనిపిస్తుంది. కాని గొర్రెలు కాయని ప్రవక్త లేడని దైవప్రవక్త (స) తెలిపిన హదీసు బుఖారీలో ఉంది.

గడువు తీరాక భార్యాబిడ్డలతో ప్రయాణమైనప్పుడు తూర్ కొండ ప్రక్కన మంట కనిపించింది. దారి గురించి ఏదైనా కబురు దొరుకుతుందని, లేదా చలి కాచుకోవడానికి నిప్పు తేవచ్చని వెళ్ళారు. అక్కడ ఆయనకు ప్రవక్త పదవి లభించింది. ఎక్కడి నుండి పారిపోయారో అక్కడికే, ఆ ఫిరౌన్ వద్దకే వెళ్ళమని ఆజ్ఞ అయింది. వారి దృష్టిలో నా మీద ఒక నేరం ఉంది, చంపుతారేమోనని ఆయన తన భయాన్ని దాచకుండా చెప్పుకున్నారు.

అనుకున్నట్లే ఫిరౌన్ దర్బారులో ఆ పాత సంగతిని ఎత్తిపొడిచాడు. 26వ సూరా అష్షుఅరాలో మూసా (అ) సమాధానం ఉంది. ఔను, ఆ పని నేను చేశాను, దారి తెలియని స్థితిలో చేశాను, మీకు భయపడి పారిపోయాను, పిదప నా ప్రభువు నాకు వివేకం ప్రసాదించి ప్రవక్తలలో చేర్చాడని ఆయన బదులిచ్చారు. బుకాయించలేదు, తలవంచుకొని వెనుదిరగనూ లేదు. అక్కడ ఫిరౌన్ మళ్ళీ ఆ హత్య మాట ఎత్తలేదు. ఇంతకూ ఆ సకల లోకాల ప్రభువు ఎవరని అడిగాడు.