అమ్ముడుపోని తళుకులు

'ఐ లవ్ రాక్ అండ్ రోల్' అనగానే జోన్ జెట్ గొంతే చెవిలో మోగుతుంది. 1982లో ఆమె పాడితే అమెరికాలో ఏడు వారాలు మొదటి స్థానం దిగని పాట అది. నిజానికి అది ఆమె పాట కాదు. ఏడేళ్ల ముందే లండన్‌లో ఆరోస్ అనే ముగ్గురు కుర్రాళ్ల బృందం దాన్ని కట్టి పాడింది. మొదట 'బ్రోకెన్ డౌన్ హార్ట్' అనే పాటకు వెనకవైపు, బి సైడ్‌లో వేశారు. కొద్ది రోజులకే తిరగేసి దీన్ని ముందుకు తెచ్చినా పెద్దగా కొన్నవాళ్లు లేరు. రన్‌అవేస్ బృందంతో ఇంగ్లండ్ వెళ్లిన జోన్ జెట్ అక్కడి టీవీలో ఆరోస్‌ను చూడబట్టి సరిపోయింది. లేకపోతే ఆ రికార్డు ఈపాటికి ఏ పాత సామాన్ల కొట్టులోనో అట్టపెట్టె అడుగున ఉండేది.

అలా జోన్ జెట్ దొరకని పాటలు వందల్లో ఉన్నాయి. వాటిని వెతికి, విని, ఒకరికొకరు పంపుకునేవాళ్లు బ్రిటన్‌లో ఒక చరిత్రనే కాపాడారు.

ఈ పాటలు పుట్టిన గ్లామ్ రాక్ 1970ల తొలి సగంలో బ్రిటన్‌ను ఊపేసింది. 1971 మార్చిలో గాయకుడు మార్క్ బోలన్ కళ్ల కింద తళుకులు అద్దుకుని బీబీసీ 'టాప్ ఆఫ్ ది పాప్స్'లో 'హాట్ లవ్' పాడాడు. మరుసటి ఏడాది జూలై 6, గురువారం సాయంత్రం, అదే కార్యక్రమంలో డేవిడ్ బోవీ 'స్టార్‌మన్' పాడుతూ గిటారిస్టు భుజం మీద చెయ్యి వేశాడు. మగవాడు ఇలా కూడా ఉండొచ్చా అని టీవీ ముందున్న పిల్లలు నోరు తెరిచారు. శాటిన్ దుస్తులు, ఎత్తు మడమల బూట్లు, నేల అదిరే డ్రమ్ములు, చప్పట్లు, అందరూ కలిసి అరిచేందుకు ఒక పల్లవి. 1950ల రాక్ అండ్ రోల్‌నే తీసుకుని మరింత సూటిగా, మరింత బిగ్గరగా చేశారు. స్లేడ్, స్వీట్, మడ్, సూజీ క్వాట్రో హిట్టు మీద హిట్టు కొట్టారు.

హిట్లు కనబడితే కంపెనీలు ఊరుకుంటాయా? డెక్కా, ఆర్‌సీఏ వంటి పెద్దవాటి నుంచి చిన్నాచితకా లేబుళ్ల దాకా అందరికీ ఒక బోలన్ కావాల్సొచ్చాడు. ఆల్బమ్ కన్నా రెండు పాటల సింగిల్ చౌక. నిన్నటిదాకా ఇంకేదో వాయించుకుంటున్న బృందాలకు మెరుపు చొక్కాలు తొడిగి స్టూడియోకి తోలారు. రికార్డు వచ్చాక బీబీసీ రేడియో 1 వేస్తే బతికినట్టు, లేకపోతే లేదు. దానికి తోడు 1973 చివర్లో చమురు సంక్షోభం ముంచుకొచ్చింది. వినైల్ పుట్టేది చమురు నుంచే కాబట్టి రికార్డుల ముడిసరుకు కరువైంది. కరెంటు పొదుపు కోసం 1974 జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా అక్కడి పరిశ్రమలు వారానికి మూడు రోజులే నడిచాయి. పేరు లేని కుర్రాళ్ల రికార్డుకు అంతకన్నా చెడ్డకాలం ఉండదు.

ఐరన్ వర్జిన్ సంగతే చూడండి. స్కాట్లండ్ కుర్రాళ్లు. పాల్ మెకార్ట్నీ 'బ్యాండ్ ఆన్ ది రన్' ఆల్బమ్‌లోంచి 'జెట్'ను తీసుకుని సింగిల్‌గా వదిలారు. అంతలో 1974 ఫిబ్రవరిలో మెకార్ట్నీయే తన 'జెట్'ను సింగిల్‌గా తెచ్చాడు. ఇంకేముంది, వీళ్ల రికార్డు అడ్రసు లేకుండా పోయింది. అదే ఏడాది 'రెబెల్స్ రూల్' అని సొంత పాట చేశారు. అదీ పోయింది. నా దృష్టిలో మాత్రం ఆ ఏటి చాలా హిట్ల కన్నా అది మంచి పాట. రేపు లోకం మాదే అని నమ్మినవాళ్ల పొగరు దాని ప్రతి చరణంలో వినబడుతుంది. హిట్టయిన పాటను దాని విజయంతో కలిపే వింటాం. ఓడిన పాటలో ఆ కాలపు ఆశ ఒక్కటే, ఏ కల్తీ లేకుండా మిగులుతుంది. ఈ పాత రికార్డుల వేటగాళ్లను లాగేది అదేనని నా నమ్మకం.

ఈ వేటకు ఇంకో బలమైన కారణం ఉంది. ఆ రోజుల 'టాప్ ఆఫ్ ది పాప్స్' టేపుల్లో చాలావాటిని బీబీసీ చెరిపేసింది. పాడినవాళ్లు మర్చిపోయారు, కంపెనీలు చేతులు మారాయి. ఇక మిగిలిన సాక్ష్యం ఏడంగుళాల రికార్డే. అందుకే వేటగాళ్లు పాట విని ఊరుకోరు. లేబుల్ మీద నిర్మాత పేరు, బి సైడ్ రాసిందెవరు, చివరి గాడి పక్కన గీకిన అంకెలు, అన్నీ చూస్తారు. బ్రిటన్‌లో సింగిళ్లు ఎక్కువగా కంపెనీ పేరున్న మామూలు కాగితపు కవరులోనే వచ్చేవి. అదే పాట హాలండ్‌లోనో జర్మనీలోనో బొమ్మల కవరుతో వచ్చిందంటే, ఆ బృందం ముఖాలు చూడ్డానికి అదే దారి. ఇలా తీగ లాగుతూ పోతే జూక్ అనే బృందం దొరుకుతుంది. దాని గిటారిస్టు ట్రెవర్ వైట్, బేస్ వాయించే ఇయన్ హాంప్టన్ 1974లో స్పార్క్స్ బృందంలో తేలారు. 1972లో పదకొండేళ్ల వయసులో 'ఐ యామ్ యాన్ ఆస్ట్రోనాట్' పాడిన రికీ వైల్డ్ కూడా దొరుకుతాడు. తండ్రి మార్టీతో కలిసి అక్క కిమ్ వైల్డ్ కోసం, 1981లో వచ్చిన 'కిడ్స్ ఇన్ అమెరికా' రాసింది ఆ పిల్లాడే. న్యూజిలాండ్ వైపు చూస్తే స్పేస్ వాల్ట్జ్. వాళ్ల 'ఔట్ ఆన్ ది స్ట్రీట్' 1974లో అక్కడ మొదటి స్థానానికి చేరింది, లండన్‌లో పట్టించుకున్నవాళ్లు లేరు.

దొరికింది దాచుకోవడం కూడా ఈ లోకంలో ఉన్నదే. అరుదైన సోల్ పాటలు వేసే నార్తర్న్ సోల్ డీజేలు లేబుల్ మీద కాగితం అంటించి, పాట పేరు పక్కవాడికి తెలియకుండా చేసేవాళ్లు. నచ్చిన పాటలు వరసగా క్యాసెట్‌కు ఎక్కించి, ఆ మిక్స్‌ను పంపేవాళ్ల పద్ధతి పూర్తిగా వేరు. సీ90 క్యాసెట్‌కు ఒక్కో వైపు 45 నిమిషాలు, మూడు నిమిషాల పాటలైతే పదిహేను. వాటి పేర్లు, లేబుళ్లు, సంవత్సరాలు చిన్న అక్షరాలతో అట్ట మీద రాసి పోస్టులో వేసేవాళ్లు. అటునుంచి ఇంకో క్యాసెట్ వచ్చేది. తర్వాత సీడీలు వచ్చాయి, ఆ మర్యాద మారలేదు. మన ఊళ్లలో ఎనభైల్లో చీటీ మీద పాటలు రాసి, ఖాళీ క్యాసెట్ ఇచ్చి షాపులో నింపించుకున్నవాళ్లకు వరస ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఏ పాట తర్వాత ఏది వస్తుందన్నదే ఆ మిక్స్ చేసినవాడి విమర్శ. ఇంట్లో టేపులు చేసుకుంటే సంగీతం చచ్చిపోతుందని 1981లో బ్రిటన్ రికార్డు పరిశ్రమ పెద్ద ప్రచారమే నడిపింది. ఈ పాటల విషయంలో ఆ మాట చెల్లదు. కంపెనీలు వదిలేసినవాటిని బతికించింది ఆ ఇంటి టేపులే.

2003లో ఆర్‌పీఎమ్ లేబుల్ 'వెల్వెట్ టిన్‌మైన్' అనే సీడీ తెచ్చింది. అందులో ఎవరికీ తెలియని ఇరవై గ్లామ్ పాటలున్నాయి. ఎంచినవాళ్లు సెయింట్ ఎటియెన్ బృందపు బాబ్ స్టాన్లీ, లష్ బృందంలో బేస్ వాయించిన ఫిల్ కింగ్. ఇద్దరూ సంగీతకారులే, ఇద్దరూ ముదిరిన వేటగాళ్లే. ఇలాంటి పాటలకు 'పాత సామాన్ల కొట్టు గ్లామ్' (జంక్‌షాప్ గ్లామ్) అన్న పేరు ఆ సీడీతోనే బయటి లోకానికి తెలిసింది. 2019లో ఫిల్ కింగ్ అరవై పాటలతో మూడు సీడీల పెట్టె కట్టాడు. ఈ సీడీల వల్ల ఒకప్పుడు చిల్లరకు వచ్చిన సింగిళ్ల ధర కొండెక్కింది, అది బాధే. కానీ అదే 2003లో బ్రెట్ స్మైలీ ఆల్బమ్ కూడా వెలుగు చూసింది. రోలింగ్ స్టోన్స్ మాజీ మేనేజర్ ఆండ్రూ లూగ్ ఓల్డమ్ ఆ అమెరికా కుర్రాడితో 1974లో 'వా వా వా వూమ్' చేయించాడు, అది ఆడకపోవడంతో ఆల్బమ్ అటకెక్కింది. 2016లో కన్నుమూసే ముందు స్మైలీ దాన్ని లోకం వినగా చూశాడు.

వినాలనుకునేవాళ్లు హెక్టర్ బృందం 1973లో చేసిన 'వైర్డ్ అప్'తో మొదలుపెట్టండి, సౌండు పెంచి. ఆ వెంటనే 'రెబెల్స్ రూల్'. బ్రెట్ స్మైలీని మూడో పాటగా పెట్టుకోండి. ముందు పెడితే ఆ సుతారం తెలియదు, డ్రమ్ముల హోరు సద్దుమణిగాకే అతని గొంతు పడుతుంది.