యంత్రములలో పింగాణి

పింగాణి యనగానే మనకు తేనీటి గిన్నెయో, ఊరగాయ జాడియో స్ఫురించును. కాని పటాన్‌చెరు ప్రాంతపు ఔషధ కర్మాగారములలో అరచేతి కిమిడెడి పింగాణి కడియ మెంతటి భారమును వహించుచున్నదో మనలో నెందరెరుగుదురు? ఆమ్లములను, ద్రావకములను తోడు పంపులలో, తిరుగు ఇరుసువెంట ద్రవము కారకుండ నాపునది యిదియే. ఒక కడియము తిరుగుచుండ, వేరొకటి కదలక దాని ముఖమున కానుకొని యుండును; నడుమ పలుచని ద్రవపు పొర మాత్రముండును.

ఈ కడియమునకు సిలికాన్ కార్బైడు మిక్కిలి యనువైనది. ఉక్కుకంటె కఠినము, బరువున ఉక్కులో సగమైనను లేదు. తయారీ విధానము కుమ్మరి విద్యను బోలినదే, నియమములు కఠినతరములు. మిక్కిలి సన్నని పొడిని అచ్చులో నొత్తి, గాలి సోకని కొలిమిలో 2,000 డిగ్రీలకు మించిన వేడిమిలో కాల్చవలెను. కాలునపుడు కలుగు కుదింపును ముందే లెక్కించి అచ్చు చేయవలెను. పిమ్మట వజ్రపు పొడితో సానపట్టవలెను.

గుణముతోపాటు దోషమును గలదు. లోహము వంగి హెచ్చరించును. పింగాణి వంగదు, పగులును. పంపు ద్రవము లేక వట్టిగా తిరిగినచో కడియములు కాగి, చల్లని ద్రవము తగిలినంతనే పగులవచ్చును. జాతిభేదమును గలదు: కరగిన సిలికానును పీల్చించి చేసిన కడియములో మిగిలిన సిలికానును గాఢక్షారము తినివేయును, పొడినే కాల్చి చేసినది నిలుచును. కావున ధర యొక్కటియే చూచి కొనరాదు.

ఆ నష్టము కొన్నవానితో పోదు. కర్మాగారముల వ్యర్థజలములు నక్కవాగును చెరచుటయు, 1990వ దశకమున ఆ వ్యాజ్యెము సర్వోన్నత న్యాయస్థానమున నడచుటయు పాఠకు లెరిగినదే. ఆ వాగు మంజీరలో కలియును. ఆ కీడంతయు కడియములదే యని మేము చెప్పము. కాని కారిన ప్రతి చుక్కయు నెచటికో పోవలసినదేకదా!

మనకు విద్యకు కొదవ లేదు. హైదరాబాదు చెంత బాలాపురమున 1997లో వెలసిన ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనాలయము ఈ పింగాణులపైననే పనిచేయుచున్నది. 1971లో స్థాపితమైన అణు ఇంధన సముదాయము యురేనియము ఆక్సైడు బిళ్ళలను ఈ పద్ధతినే కాల్చుచున్నది. 2008లో స్థాపితమైన ఐ.ఐ.టి. సంగారెడ్డి చెంత కందిలోనే యున్నది. ఆ విద్య పంపు మిస్త్రీవరకు దిగిరావలెను. ఏ ద్రవమున కే కడియము తగునో, పగిలిన కడియము పగులుటకు కారణమేమో అతనికి నేర్పవలెను. ఆ ఖర్చు యజమానులు భరింపవలెను.

కుండ కొనువాడు వ్రేలితో తట్టి, మోత విని, మంచిచెడు లెరుగును. యంత్రమునకు పింగాణిని కొనువానికి ఆపాటి యెరుకయైన నుండవలదా?